సికిల్ సెల్ జబ్బు ఆరు నెలలు ఎందుకు ఆగుతుంది?

సికిల్ సెల్ వ్యాధితో పుట్టిన బిడ్డ మొదటి కొన్ని నెలలు మిగతా పిల్లల మాదిరిగానే ఉంటుంది. పాలు తాగుతుంది, బోర్లా పడుతుంది, బరువు పెరుగుతుంది. ఆరు నెలలు దాటాక ఒకరోజు ఉన్నట్టుండి చేతివేళ్లు, పాదాలు ఉబ్బుతాయి. ముట్టుకుంటే చాలు, గుక్కపట్టి ఏడుస్తుంది. దెబ్బ తగిలిందనుకుని ఒక ఇంట్లో పసరు కట్టు కడతారు. దిష్టి తగిలిందనుకుని మరో ఇంట్లో తాయెత్తు కడతారు. వాపు కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి ఆ సంగతి మరిచిపోతారు కూడా. కానీ ఆ వాపు ఒక హెచ్చరిక. బిడ్డ ఎముకల్లోని సన్నని రక్తనాళాలు మూసుకుపోవడం మొదలైందని దాని అర్థం.

ఈ జబ్బుకు కారణమైన జన్యువు బిడ్డకు పుట్టిన తర్వాత వచ్చింది కాదు. తల్లి కడుపులో పడిన మొదటి రోజు నుంచీ ఉన్నదే. మరి జబ్బు అన్ని నెలలు ఎందుకు ఆగింది? చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళ్లిన శాస్త్రవేత్తలే చివరకు 2023లో ప్రపంచంలో మొట్టమొదటి క్రిస్పర్ జన్యు సవరణ చికిత్సను చేరుకున్నారు. అదే జవాబు నుంచి అంతకు చాలా ముందే తక్కువ ధరకు దొరికే ఒక మాత్ర కూడా వచ్చింది. భారతదేశంలోని గిరిజన ప్రాంతాల్లో ఇప్పటికిప్పుడు ఎక్కువమంది పిల్లలను కాపాడగలిగేది ఆ మాత్ర, దానికి ముందు చేయాల్సిన ఒక రక్తపరీక్ష.

ఒక్క అక్షరం మార్పు

రక్తానికి ఎరుపు రంగునిచ్చే పదార్థం హీమోగ్లోబిన్. ఒక్కో ఎర్ర రక్తకణంలో దాదాపు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులుంటాయి. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎక్కించుకుని ఒంట్లోని ప్రతి మూలకూ చేర్చడం వాటి పని. పెద్దవారి హీమోగ్లోబిన్‌లో నాలుగు ప్రోటీన్ గొలుసులుంటాయి. వాటిలో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు. బీటా గొలుసును తయారుచేసే సూచనలు 11వ క్రోమోజోముపై ఉన్న ఒక జన్యువులో రాసి ఉంటాయి. ఆ గొలుసులో 146 అమైనో ఆమ్లాలు పూసల్లా వరుసగా ఉంటాయి.

సికిల్ సెల్ వ్యాధిలో తేడా ఉండేది ఆరో పూసలో మాత్రమే. జన్యువు డీఎన్ఏలో 'ఎ' అక్షరం ఉండాల్సిన ఒక చోట 'టి' అక్షరం ఉంటుంది. దానివల్ల గ్లుటామిక్ ఆమ్లం రావాల్సిన చోట వాలీన్ వచ్చి చేరుతుంది. గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిపోయే గుణం కలది. వాలీన్ నూనెలా నీటికి దూరంగా జరుగుతుంది. ప్రాణవాయువును దించేసిన హీమోగ్లోబిన్ అణువులు ఈ వాలీన్ ఉన్న చోట ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి దారాల్లా పేరుకుంటాయి. కణం లోపల ఈ దారాలు బిగుసుకున్నప్పుడు గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. ఈ వ్యాధికి సికిల్ సెల్, అంటే కొడవలి కణం, అనే పేరు వచ్చింది ఇందుకే.

వంగిన కణం ఊపిరితిత్తులకు తిరిగి వెళ్లి ప్రాణవాయువు అందుకుంటే మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. ఇలా వంగడం, తిరిగి సర్దుకోవడం చాలాసార్లు జరిగాక పొర దెబ్బతిని ఇక వంకరగానే ఉండిపోతుంది. మామూలు ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. ఎముక మజ్జ ఎంత వేగంగా కొత్త కణాలను తయారుచేసినా ఆ లోటు పూడదు. రక్తహీనతకు కారణం ఇదే. గట్టిపడిన కణాలు సన్న రక్తనాళాల్లో ఇరుక్కున్నప్పుడు ఆ అవతలి భాగానికి రక్తం అందదు. అప్పుడు వచ్చే నొప్పి చాలా తీవ్రంగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గడం, చలి, జ్వరం, విపరీతమైన అలసట దాన్ని రేపుతాయి. కొందరిలో పక్షవాతం వస్తుంది. తుంటి ఎముక దెబ్బతింటుంది. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు క్రమంగా బలహీనపడతాయి.

కొడవలి ఆకారపు కణాలను 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ మొదటిసారి వివరించాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఈ రోగుల హీమోగ్లోబిన్ అణువే వేరుగా ఉందని చూపించింది. ఒక జబ్బుకు మూలం ఒక అణువులో ఉందని రుజువు కావడం అదే మొదలు. 1950ల చివరి భాగంలో వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని తేల్చాడు. కారణం ఇంత స్పష్టంగా, ఇంత ముందుగా తెలిసిన జన్యు వ్యాధి మరొకటి అరుదు. అయినా సరైన చికిత్స రావడానికి దశాబ్దాలు పట్టింది.

వాహకులు రోగులు కారు

ప్రతి మనిషికీ బీటా జన్యువు ప్రతులు రెండు ఉంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తాయి. రెండు ప్రతుల్లోనూ సికిల్ మార్పు ఉంటే వ్యాధి వస్తుంది. ఒకదానిలో సికిల్ మార్పు, రెండో దానిలో బీటా తలసేమియా మార్పు ఉన్నా వ్యాధి రావచ్చు. ఒక్క ప్రతిలోనే సికిల్ మార్పు ఉండి రెండోది బాగుంటే ఆ వ్యక్తి వాహకులు మాత్రమే. వారు మామూలుగా చదువుకోవచ్చు, పనిచేయవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు. సాధారణంగా వారికి మందులు అక్కర్లేదు.

చిక్కు వచ్చేది భార్యాభర్తలిద్దరూ వాహకులైనప్పుడు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాహకులుగా పుట్టే అవకాశం సగం. ఏ మార్పూ లేకుండా పుట్టే అవకాశం మిగిలిన నాలుగో వంతు. ఈ లెక్క ప్రతి కాన్పుకూ కొత్తగా మొదలవుతుంది. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికి రాదని అనుకోవడం పొరపాటు.

ఇంత హాని చేసే జన్యువు తరాలు గడిచినా ఎందుకు మిగిలిపోయింది? 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చేసిన పరిశోధనలు దీనికి జవాబిచ్చాయి. వాహకులకు ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా నుంచి రక్షణ దొరుకుతుంది. మలేరియా ఎక్కువగా ఉన్న అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు ఒక్క ప్రతి ఉన్న పిల్లలు ఎక్కువమంది బతికి, తమ పిల్లలకు దాన్ని అందించారు. రెండు ప్రతులు ఉన్న పిల్లలు ఆ రక్షణకు మూల్యం చెల్లించారు.

భారతదేశంలో ఈ జన్యువును 1952లో నీలగిరి కొండల్లోని గిరిజనుల్లో లేమాన్, కట్‌బుష్ గుర్తించారు. ఆ తర్వాత మధ్య భారతమంతటా, గుజరాత్ నుంచి ఒడిశా దాకా అడవి ప్రాంతాల్లో ఇది కనిపించింది. తెలుగు నేలపై ఉమ్మడి ఆదిలాబాద్ గోండు గూడేలు, ఉత్తరాంధ్ర ఏజెన్సీ గ్రామాలు ఈ పట్టీలోకే వస్తాయి. షెడ్యూల్డ్ తెగల్లో ప్రతి 86 జననాల్లో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ చెబుతోంది. అలాగని ఇది గిరిజనులకే పరిమితమైన జబ్బు కాదు. అదే ప్రాంతాల్లోని ఇతర కులాల్లోనూ వాహకులున్నారు. మేనరికాలు ఉన్న కుటుంబంలో ఈ జన్యువు ఉంటే ఇద్దరు వాహకులు దంపతులయ్యే అవకాశం పెరుగుతుంది.

కడుపులోని రక్తం చెప్పిన జవాబు

1948లో న్యూయార్క్ పిల్లల వైద్యురాలు జానెట్ వాట్సన్ ఒక విషయం గమనించారు. సికిల్ జన్యువున్న తల్లులకు పుట్టిన పసికందుల రక్తంలో కొడవలి కణాలు చాలా తక్కువగా ఉన్నాయి. బిడ్డ పెరిగే కొద్దీ అవి పెరుగుతున్నాయి. పసికందుల రక్తంలో ఉండే ప్రత్యేకమైన హీమోగ్లోబిన్ వారిని కాపాడుతూ ఉండవచ్చని ఆమె సూచించారు. ఆ ఊహ నిజమైంది.

తల్లి కడుపులో ఉన్న బిడ్డ ఊపిరితిత్తులతో గాలి పీల్చదు. మాయ ద్వారా తల్లి రక్తం నుంచే ప్రాణవాయువును అందుకోవాలి. అందుకు ప్రాణవాయువును మరింత గట్టిగా పట్టుకోగల హీమోగ్లోబిన్ కావాలి. దాన్నే గర్భస్థ హీమోగ్లోబిన్ అంటారు. ఇందులో రెండు ఆల్ఫా గొలుసులతో పాటు బీటా గొలుసుల స్థానంలో రెండు గామా గొలుసులు ఉంటాయి. గామా గొలుసుకు వేరే జన్యువులున్నాయి. వాటిలో సికిల్ మార్పు లేదు. అంతేకాదు, గామా గొలుసు ఉన్న అణువులు కొడవలి దారాల్లో ఇమడవు. పక్కన సికిల్ హీమోగ్లోబిన్ ఉన్నా అది దారంగా అల్లుకోకుండా అడ్డుపడతాయి.

పుట్టినప్పుడు బిడ్డ రక్తంలో ఉండే హీమోగ్లోబిన్‌లో 60 నుంచి 80 శాతం ఈ రకమే. పుట్టాక గామా జన్యువులు క్రమంగా మూతపడతాయి, బీటా జన్యువు పని అందుకుంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో గర్భస్థ హీమోగ్లోబిన్ ఒక శాతం లోపే ఉంటుంది. సికిల్ సెల్ ఉన్న బిడ్డలో ఈ మార్పు జరుగుతున్న కొద్దీ రక్షణ తగ్గి జబ్బు బయటపడుతుంది. ఆరు నెలల ఆలస్యానికి కారణం ఇదే.

ఇక్కడి నుంచి వైద్యులకు ఒక దారి కనిపించింది. పాడైన బీటా జన్యువును బాగుచేయలేకపోయినా, నిద్రపోయిన గామా జన్యువులను లేపగలిగితే చాలు.

ఒడిశా రోగులు, జమైకా రోగులు

ఈ ఆలోచనకు బలం చేకూర్చిన ఆధారాల్లో ఒకటి భారతదేశంలోనే దొరికింది. 1986లో ఒడిశా వైద్యులు, జమైకాలో సికిల్ సెల్ వ్యాధిపై పనిచేస్తున్న గ్రాహమ్ సర్జెంట్ బృందం కలిసి రెండు దేశాల రోగులను పోల్చారు. ఆ ఫలితాలను 'లాన్సెట్' పత్రిక ప్రచురించింది. జన్యువులోని తప్పు రెండు చోట్లా ఒకటే. కానీ ఒడిశా రోగుల్లో గర్భస్థ హీమోగ్లోబిన్ గణనీయంగా ఎక్కువగా ఉంది.

భారతదేశంలోనూ, సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలోనూ ఉన్న సికిల్ జన్యువు చుట్టూ ఉండే డీఎన్ఏ వరుస ఆఫ్రికాలోని వరుసల కన్నా భిన్నంగా ఉంటుంది. దీన్ని అరబ్-ఇండియన్ రకం అంటారు. ఇందులో గామా జన్యువు పక్కనే ఉన్న ఒక చిన్న తేడా ఆ జన్యువు పూర్తిగా మూతపడకుండా చూస్తుంది. అందుకే ఇక్కడి రోగుల్లో చాలామందికి పెద్దయ్యాక కూడా గర్భస్థ హీమోగ్లోబిన్ 10 శాతం పైన ఉంటుంది.

ఇది చూసి భారతదేశంలో సికిల్ సెల్ తేలికపాటి జబ్బు అనుకోవడం మాత్రం ప్రమాదకరం. మహారాష్ట్ర విదర్భ ప్రాంతంలో వైద్యులు చూసిన పిల్లల్లో తీవ్రమైన నొప్పులు, ఇన్ఫెక్షన్లు, పదేపదే రక్తం ఎక్కించాల్సిన పరిస్థితులు తక్కువేమీ కాదు. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరికి ఏడాదికోసారి నొప్పి వస్తే మరొకరు నెలకోసారి ఆసుపత్రిలో చేరడం కూడా ఉంటుంది. జన్యువు ఒకటే అయినా దాని చుట్టూ ఉన్న మరికొన్ని జన్యువులు, తిండి, నీరు, ఇన్ఫెక్షన్లు, వైద్యం అందే దూరం అన్నీ కలిసి జబ్బు తీవ్రతను నిర్ణయిస్తాయి.

మాత్ర రూపంలో వచ్చిన మొదటి సాయం

హైడ్రాక్సీయూరియా అనే మందును రక్తపు క్యాన్సర్ల చికిత్సలో చాలాకాలంగా వాడుతున్నారు. 1984లో దీన్ని సికిల్ సెల్ రోగులకు ఇచ్చి చూసినప్పుడు గర్భస్థ హీమోగ్లోబిన్ పెరిగింది. తర్వాత అమెరికాలో 299 మంది పెద్దలపై జరిగిన పరీక్ష ఫలితాలు 1995లో వెలువడ్డాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికి ఏడాదికి 4.5 సార్లు తీవ్రమైన నొప్పి వస్తే, ఈ మందు తీసుకున్నవారిలో అది 2.5కు తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను అనుకున్న గడువుకు ముందే ఆపేశారు. 1998లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని సికిల్ సెల్ చికిత్సకు ఆమోదించింది.

మలేరియా ఎక్కువగా ఉండే పేద ప్రాంతాల్లో పిల్లలకు ఇది సురక్షితమేనా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండా దేశాల్లో 1 నుంచి 10 ఏళ్ల పిల్లలపై జరిపిన అధ్యయనం 2019లో దానికి సమాధానం చెప్పింది. మందు వాడిన తర్వాత నొప్పులు, ఇన్ఫెక్షన్లు, మలేరియా, రక్తం ఎక్కించే అవసరం, మరణాలు అన్నీ తగ్గాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో హైడ్రాక్సీయూరియా ఉంది. భారతదేశంలో ఇది జెనెరిక్ మందుగా తక్కువ ధరకే దొరుకుతుంది. రోజూ వేసుకోవాలి. మధ్యలో మానేస్తే ప్రభావం పోతుంది. తెల్ల రక్తకణాలు మరీ తగ్గకుండా చూసుకోవడానికి వైద్యులు అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయిస్తారు. గర్భం దాల్చాలనుకునేవారు ముందుగా వైద్యులతో మాట్లాడాలి. నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర కాదిది, నొప్పి రాకుండా వేసుకునే మాత్ర. ఈ తేడా అర్థంకాక చాలామంది నొప్పి తగ్గగానే ఆపేస్తుంటారు.

స్విచ్ దొరికింది

హైడ్రాక్సీయూరియా అందరిలో ఒకేలా పనిచేయదు. గామా జన్యువును మూసే అసలు మీట ఏదన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. 2007, 2008 సంవత్సరాల్లో వేలమంది డీఎన్ఏను పోల్చి చూసిన అధ్యయనాలు దానికి దారి చూపాయి. గర్భస్థ హీమోగ్లోబిన్ సహజంగానే ఎక్కువగా ఉన్నవారిలో 2వ క్రోమోజోముపై ఉన్న బీసీఎల్11ఎ అనే జన్యువు దగ్గర తేడాలు కనిపించాయి. 2008లో విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్ బృందం అమెరికాలో ఆ జన్యువు పనేమిటో చూపించింది. గామా జన్యువులను మూసి ఉంచేది ఇదే. దీన్ని తగ్గిస్తే గర్భస్థ హీమోగ్లోబిన్ తిరిగి తయారవుతుంది. 2011లో ఇదే పద్ధతితో ఎలుకల్లో సికిల్ సెల్ వ్యాధిని సరిచేశారు.

అయితే బీసీఎల్11ఎను పూర్తిగా తీసేయడం కుదరదు. మెదడు ఎదుగుదలకూ, రోగనిరోధక కణాలకూ అది అవసరం. 2013లో మరో ముఖ్యమైన సంగతి బయటపడింది. ఈ జన్యువు లోపల ఎర్ర రక్తకణాల్లో మాత్రమే పనిచేసే ఒక చిన్న డీఎన్ఏ ముక్క ఉంది. ఇల్లంతటి కరెంటు తీసేయకుండా ఒక్క గది స్విచ్ ఆపినట్టు, ఆ ముక్కను దెబ్బతీస్తే రక్తకణాల్లో మాత్రమే బీసీఎల్11ఎ తగ్గుతుంది. మిగతా అవయవాల్లో దాని పని దానిదే.

అప్పటికి డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతి వచ్చింది. 2012లో దీన్ని వివరించిన ఎమాన్యుయెల్ షార్పెంటియె, జెన్నిఫర్ డౌడ్నాలకు 2020లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఈ రెండూ కలిసి వచ్చిందే 'క్యాస్జెవీ' చికిత్స. దీన్ని వెర్టెక్స్, క్రిస్పర్ థెరప్యూటిక్స్ సంస్థలు రూపొందించాయి. 2023 నవంబరు 16న బ్రిటన్, డిసెంబరు 8న అమెరికా దీన్ని 12 ఏళ్లు పైబడిన రోగులకు ఆమోదించాయి.

ఈ చికిత్స ఒక ఇంజెక్షనుతో అయిపోయేది కాదు. ముందుగా రోగి రక్తం నుంచి మూలకణాలను వేరుచేస్తారు. వాటిని ప్రయోగశాలకు పంపి, బీసీఎల్11ఎలోని ఆ చిన్న ముక్క దగ్గర క్రిస్పర్‌తో కత్తిరిస్తారు. ఈలోగా రోగి ఎముక మజ్జలోని పాత మూలకణాలను తొలగించడానికి బలమైన కీమోథెరపీ ఇస్తారు. ఆ తర్వాత సవరించిన కణాలను రక్తంలోకి ఎక్కిస్తారు. అవి మజ్జలో కుదురుకుని కొత్త రక్తం తయారుచేసేదాకా రోగి కొన్ని వారాలు ఆసుపత్రిలోనే ఉండాలి. కీమోథెరపీ వల్ల సంతానలేమి వచ్చే ప్రమాదం ఉంది.

ఫలితాలు మాత్రం ఆశ కలిగించేవే. అమెరికా నియంత్రణ సంస్థ పరిశీలించిన 31 మందిలో 29 మందికి కనీసం 12 నెలల పాటు తీవ్రమైన నొప్పి ఒక్కసారి కూడా రాలేదు. చికిత్సకు ముందు వారంతా పదేపదే ఆసుపత్రి పాలైనవారే. ఇక్కడ సికిల్ జన్యువును ఎవరూ సరిచేయలేదని గుర్తుంచుకోవాలి. ఆ తప్పు రోగి డీఎన్ఏలో అలాగే ఉంటుంది, పిల్లలకూ చేరవచ్చు. తల్లి కడుపులో బిడ్డను కాపాడిన హీమోగ్లోబిన్‌నే తిరిగి తెప్పించారంతే. సవరణ ప్రభావం ఎంతకాలం ఉంటుంది, అనుకోని చోట డీఎన్ఏ తెగితే ఏమవుతుంది అన్నది చూడటానికి ఈ రోగులను 15 ఏళ్ల పాటు గమనిస్తారు.

22 లక్షల డాలర్లు

అమెరికాలో క్యాస్జెవీ ధర 22 లక్షల డాలర్లు. అప్పటి మారకం విలువలో సుమారు 18 కోట్ల రూపాయలు. ఆసుపత్రి ఖర్చు వేరు. సికిల్ సెల్ రోగుల్లో అత్యధికులు ఆఫ్రికాలోనూ, భారతదేశంలోనూ ఉన్నారు. వారికి ఈ ధర అందనిది. ధర ఒక్కటే అడ్డంకి కాదు. మూలకణాలను వేరుచేసే యంత్రాలు, కీమోథెరపీ సమయంలో ఇన్ఫెక్షన్ సోకకుండా చూసుకునే వార్డులు, శిక్షణ పొందిన సిబ్బంది కొద్ది పెద్ద నగరాల్లోనే ఉన్నాయి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో సరిపోలిన దాత దొరికితే ఎముక మజ్జ మార్పిడి ద్వారా కూడా ఈ వ్యాధిని నయం చేయవచ్చు. కానీ తోబుట్టువు ఒక్కొక్కరూ సరిపోలే అవకాశం నాలుగింట ఒక వంతే.

స్వదేశంలో చవకైన జన్యు సవరణను తయారుచేసే ప్రయత్నం ఢిల్లీలోని సీఎస్ఐఆర్ జీనోమిక్స్ సంస్థ ఐజీఐబీలో సాగుతోంది. దేబజ్యోతి చక్రవర్తి, సౌవిక్ మైతీ బృందాలు అక్కడ మరింత కచ్చితంగా కత్తిరించే సొంత క్రిస్పర్ ఎంజైమును అభివృద్ధి చేశాయి. దేశంలో తొలి స్వదేశీ సికిల్ సెల్ క్రిస్పర్ చికిత్సగా 'బిర్సా 101'ను 2025 నవంబరులో ప్రకటించారు. గిరిజన వీరుడు బిర్సా ముండా పేరు దీనికి పెట్టారు. ఈ సాంకేతికతను పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌కు అందించారు. అయితే ఏ చికిత్స అయినా మనుషులపై పరీక్షలు, భద్రత నిరూపణ, అనుమతులు దాటాకే రోగి దాకా వస్తుంది. అందుకు సంవత్సరాలు పడుతుంది. సికిల్ సెల్‌తో ఈ ఏడాది పుట్టే బిడ్డకు అంత వ్యవధి లేదు.

ఆరు నెలల గడువు

ఆ బిడ్డకు ఇప్పుడే చేయగలిగింది చాలా ఉంది. సికిల్ సెల్ ఉన్న పసిపిల్లల ప్రాణాలు తీసేది ఎక్కువగా నొప్పి కాదు, ఇన్ఫెక్షన్. రక్తంలోని సూక్ష్మక్రిములను వడకట్టే ప్లీహం ఈ పిల్లల్లో చాలా ముందుగానే దెబ్బతింటుంది. దాంతో న్యూమోకోకస్ బాక్టీరియా కొన్ని గంటల్లోనే ప్రాణాల మీదికి తెస్తుంది. 1986లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో రోజూ పెన్సిలిన్ ఇవ్వడం వల్ల ఈ ఇన్ఫెక్షన్ 84 శాతం తగ్గింది. పుట్టగానే జబ్బును గుర్తించాలన్న వాదనకు బలమిచ్చింది ఈ ఫలితమే. జబ్బు ఉందని తెలియకపోతే పెన్సిలిన్ ఎవరికి ఇవ్వాలో తెలియదు. న్యూమోకోకస్ టీకా ఇప్పుడు భారత సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఉచితంగా దొరుకుతుంది. ప్లీహం ఒక్కసారిగా ఉబ్బితే బిడ్డ పాలిపోయి నీరసించిపోతుంది. పొట్ట ఎడమవైపు తడిమి ప్లీహం వాపును ఎలా గుర్తించాలో తల్లికి నేర్పితే సమయానికి ఆసుపత్రికి తీసుకురాగలదు.

భారత ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం దీని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఈ జాబితాలో ఉన్నాయి. పరీక్ష చేయించుకున్నవారికి తమ స్థితిని తెలిపే కార్డులిస్తారు.

పరీక్షల్లోనూ ఒక కిటుకుంది. గ్రామాల్లో మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్షలో రక్తపు చుక్కను ఒక ద్రావణంలో కలిపి మసకబారుతుందో లేదో చూస్తారు. ఇది చవక, తేలిక. కానీ వాహకులెవరో, రోగి ఎవరో చెప్పలేదు. ఆరు నెలల లోపు పిల్లల్లో అసలు నమ్మదగింది కాదు, ఎందుకంటే వారి రక్తంలో ఇంకా గర్భస్థ హీమోగ్లోబినే ఎక్కువ. బిడ్డను కాపాడుతున్న ఆ రక్తమే పరీక్షను కూడా మభ్యపెడుతుంది. అందుకే పసికందులకు మడమ నుంచి తీసిన రక్తాన్ని హెచ్‌పీఎల్‌సీ వంటి యంత్రంపైనో, డీఎన్ఏ పద్ధతిలోనో పరీక్షించాలి. కాగితంపై ఎండబెట్టిన రక్తపు చుక్కను తక్కువ ఖర్చుతో పరీక్షించే పద్ధతులపై హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కృషి చేస్తున్నారు. ఎండిన చుక్కను చల్లపెట్టె లేకుండానే కొండ గ్రామం నుంచి పట్టణానికి పంపవచ్చు.

కార్డు చేతికి వచ్చాక ఏం జరుగుతుందన్నది పరీక్షంత ముఖ్యమైనది. వాహకులమని తెలిసిన అమ్మాయికి సంబంధాలు తప్పిపోతాయని భయపడి కుటుంబాలు కార్డును దాచేస్తే మిషన్ ఉద్దేశం నెరవేరదు. వాహకులు ఎవరినైనా పెళ్లి చేసుకోవచ్చు. అవతలివారు కూడా వాహకులా కాదా అన్నదే తెలుసుకోవాలి. ఇద్దరూ వాహకులే అయినా, గర్భం దాల్చిన 10 నుంచి 12 వారాల సమయంలో బిడ్డ స్థితిని పరీక్షించే వీలుంది. ఏం చేయాలన్న నిర్ణయం ఆ దంపతులది. వారికి అర్థమయ్యే భాషలో, గోండిలోనో కువిలోనో తెలుగులోనో, విషయం చెప్పడం వైద్య వ్యవస్థ బాధ్యత.

సికిల్ జన్యువుతో పుట్టిన ప్రతి బిడ్డకూ ప్రకృతి కొన్ని నెలల గడువు ఇస్తుంది. శాస్త్రానికి ఆ గడువు ఒక కొత్త చికిత్సకు ఆధారమైంది. ఆరోగ్య వ్యవస్థకు అది మడమ నుంచి ఒక రక్తపు చుక్క తీసి, పెన్సిలిన్ మొదలుపెట్టి, టీకాలు వేసి, తల్లికి జాగ్రత్తలు చెప్పి, వైద్యుడు తగిన వయసని చెప్పినప్పుడు హైడ్రాక్సీయూరియా అందించేందుకు దొరికిన సమయం. వేళ్లు ఉబ్బే రోజు వచ్చేలోపు ఆ పనులు జరగాలి.